పైడెక్కు

రాణిగంజ్ మలుపు తిరిగినంక ఎడమచేతి దిక్కు
పొడుగు గోడ, గోడ నిండ సినిమా పోస్టర్లు.
ఆ గోడకు ఒక గేటు ఉందని
నాకు మొన్న ఆదివారమే తెలిసింది.

"ఈ ఒక్కరోజు తోట అందరికీ. పది నుంచి నాలుగు."
అట్టముక్క మీద చేత్తో రాసి కట్టిన్రు.
ఎంత బాబూ అని అడిగిన.
ఊరికేనే తాతా, లోపలికి పో, అన్నడు గేటుకాడి పిలగాడు.
ముప్పై ఒక్క ఏండ్లు టికెట్లు కొట్టిన చెయ్యి
జేబులనే చిల్లర పట్టుకొని కాసేపు నిలబడ్డది.
టికెట్టు లేకుండ ఎక్కుడు
నాకు అదే మొదలు.

లోపల అందరి చేతుల్ల ఫోన్లే.
లిల్లీ తొట్టి ముందల ఒక ఫొటో, ఫెర్నుల ముందల ఇంకొకటి.
పనసకాయ కొమ్మకు కాదు, మొదలుకే కాసిందని
ఒక చిన్నపిల్ల వాళ్ల నాయనను గుంజి గుంజి చూపెడుతున్నది.
జరీ అంచు చీర కట్టిన ఒకామె
గులాబీ కొమ్మ తుంచి సంచిల వేసుకున్నది.
టికెట్టు తీసుకోని మొఖం నాకు ఎరుకే,
కిటికీ బయటికి మస్తు శ్రద్ధగ చూస్తది.
ఆమె ఆకాశం దిక్కు చూసింది.
చెకింగ్ స్క్వాడు నేను కాదు. పోనిచ్చిన.

తోట యజమానురాలు పెరిన్‌బాయి
బెత్తం కుర్చీల కూసొని చెట్ల పేర్లు చెప్తున్నది,
ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ కలిపి.
దగ్గరికి పోయి అడిగిన:
"ఇక్కడ నందివర్ధనం ఉంటుండె గద అమ్మా, బావి గిరక పక్కన?
దాని కింద ఒక నల్లకుక్క పండుకునేది."

ఆమె కళ్లద్దాలు తీసింది.
"బావి పూడ్చి ఇరవై ఏండ్లు దాటింది.
నువ్వు ఎప్పుడొచ్చినవ్ లోపలికి?"

రాలేదమ్మా. పైనుంచి పోయిన.
డబుల్ డెక్కర్ల పైడెక్కు డ్యూటీ నాది.
మీ బాదం కొమ్మలు కిటికీ చువ్వలకు కొట్టుకుంటుండె,
తోలుసంచిల చిల్లర నడుమ ఆకుముక్కలు దొరుకుతుండె.
గోడ మీదికెల్లి మూడు సెకండ్లు మీ తోట.
రోజుకు నాలుగు ట్రిప్పులు, ఏడాదికి మూడొందల రోజులు.
లెక్క కడితే ఏడాదికి ఒక్క గంట.
ఆరేండ్లు చేసిన ఆ రూటు.
తర్వాత ఆ బస్సులు బందైనయి,
మామూలు బస్సుల నిలబడితే గోడే కనిపించింది,
పోస్టర్లు మారుతుంటే చూసిన.

"మీ బస్సంటే నాకు ఒళ్లుమంట," అన్నది పెరిన్‌బాయి.
"తల ఆరబెట్టుకుంటుంటే పైనుంచి ఎనభై కళ్లు.
గోడ లేపమంటే మా ఆయన నవ్విండు,
బస్సుకన్న ఎత్తు గోడ ఏ మేస్త్రీ కడతడని."
కాసేపు ఏమీ అనలేదు.
"అవి పోయినంక కొన్నాళ్లు
హారన్ వినిపిస్తే చీరకొంగు సర్దుకునేదాన్ని, ఉత్తగనే."

బాలమల్లూ, ఈయనను మేడ మీదికి తీస్కపో, అన్నది.
ఆమెకు మోకాళ్లు లేవు మెట్లెక్కడానికి.

ఎక్కిన. అదే ఎత్తు.
తోట చూద్దామని పోయి రోడ్డు దిక్కు తిరిగిన.
బస్సు ఒకటి సిగ్నల్ కాడ ఆగి ఉంది.
ఇన్నేండ్లు దాని కడుపులనే తిరిగిన,
నెత్తి ఎట్లుంటదో చూసుడు అప్పుడే.
దుమ్ము, ఒంటి చెప్పు, చిరిగిన గాలిపటం,
పండి ఎర్రగైన బాదం ఆకులు
ఓ పది పన్నెండు.

లైటు పచ్చగైంది.
ఆకులు చార్మినార్ దిక్కు సాగినయి.
నడుమ ఒకటి గాలికి లేచింది,
మళ్ల కూసున్నది.
రైట్ రైట్ అని నోటిదాకా వచ్చింది.
అనలే,
పక్కన బాలమల్లు ఉన్నడు.