పుట్టుమచ్చ

షార్జా, రోల్లా వెనుక సందుల
మా లాండ్రీ డ్రయ్యర్ జాలీ ఊడదీసి కడుగుతుంటే
దొరికింది ఒక దిర్హం బిళ్ళ.
దల్లా బొమ్మ ఉన్నది, దాని ముక్కు సుత ఉన్నది,
రంగే అది కాదు.
ఉడికిన చింతపండు రంగు,
అంచుల పొంటి నెమలి మెడ లెక్క సన్నటి నీలం.

గంగరాజం ఫోన్ల చూసిండు:
టంకశాలల తప్పు పడ్డ బిళ్ళకు
వేలకు వేలు ఇచ్చేటోళ్ళు ఉంటరంట.
"వేరే రేకు మీద అచ్చు పడ్డదేమోరా" అన్నడు.
ఇగ నిద్ర ఎక్కడిది.
పదకొండు మందిమి పండిన రూంల
నా దిండు కింద ఆ రాత్రి
ఒక బోరు మోటరు, పది గుంటల చెలక,
వీసా ఏజెంటు మొఖాన కొట్టేటందుకు
ఒక నోట్ల కట్ట.

శుక్రవారం ఇస్త్రీ అంగీ తొడుక్కొని పోయిన.
పాత నాణేలు, ఆగిపోయిన గడియారాలు అమ్మే
బలోచి ముసలాయన, దాద్ మొహమ్మద్.
"రుద్దకు" అన్నడు ముందుగాలనే,
నేను బొటనవేలితోటి రుద్దుతుంటే.
అయస్కాంతం పెట్టిండు, అంటుకున్నది.
కాంటా మీద పెట్టిండు, వెంట్రుకంత తక్కువ.
కంటికి అద్దం బిగించి
అంచు చుట్టూ తిప్పి తిప్పి చూసిండు.
ఆయన ముక్కుల ఊపిరి ఒక్కటే వినవడుతుంది.

"ఏం పని చేస్తవ్?"
"లాండ్రీ."
నవ్వలే. అద్దం నా చేతికే ఇచ్చిండు.
"చూడు, అంచు లోపలికి ముడుసుకున్నది.
టంకశాల ఇట్ల ముడువదు.
నెలలకు నెలలు సెగల తిరిగి
గుద్దుకొని గుద్దుకొని అయింది.
పుట్టుకల పడ్డ తప్పుకే ధర, బేటా.
పుట్టినంక తిన్న దెబ్బకు లేదు."

అద్దం కింద నా బొటనవేలు సుత కనవడ్డది,
గోరు పసుపు, బ్లీచు తిన్న తోలు
తెల్లగ పొట్టు లేస్తున్నది.
ఆయన సుత చూసిండు.
ఇద్దరం దాని ముచ్చట ఎత్తలే.

బయట చల్లనీళ్ళ మిషిన్ల వేస్తే
మూడుసార్లు ఉమ్మింది.
కరక్ చాయ్ కాడి మలబారు పిలగాడు
చూడకుండనే గల్లల ఏసిండు.
చాయ్‌ల యాలకులు ఎక్కువైనయి.

"అమ్మినవా?" అడిగిండు గంగరాజం.
"అమ్మిన."
"ఎంతకు?"
"దాని ధరకే."

రాత్రి షిఫ్టుల, మూడో డ్రయ్యర్ల
టక్కు... టక్కు...
ఇన్నేండ్లు వినవడకపోయేది.
ఆపి, సెగల చెయ్యి పెట్టి తడిమిన.
బిళ్ళ కాదు,
ఎవరో బడిపిల్ల అంగీ గుండీ.
నాలుగు తొర్రలుండాలె, మూడే ఉన్నయి.
పగిలింది కాదు, పూడింది కాదు,
నాలుగోది పుట్టనే లేదు.

లైటు దిక్కు పెట్టి చాలసేపు చూసి
ఆ మూడింట్లకెళ్ళే దారం తీసి
కుట్టిన.