ఎడమకాలి బూటు

నాలుగింటికి లేస్తాను.
క్లాక్స్‌విక్‌లో జనవరి నాలుగంటే నడిరాత్రే,
పదింటిదాకా తెల్లారదు.
రేవులో ఐసు ఫ్యాక్టరీ దీపం ఒక్కటే నాతోపాటు మేలుకుని ఉంటుంది.
వంటింటి బల్ల మీది రొట్టె పొడిని మోచేత్తో నెట్టి
ఆ జానెడు జాగాలో కాగితం పరుస్తాను.

హొగ్ని సముద్రం మీదికెళ్లి ఇరవై మూడు రోజులు.
ఫోన్లో సగం అతని గొంతు, సగం గాలి.
"పుస్తకం ఎంతవరకొచ్చింది?"
"తొమ్మిదో పేజీ."
పోయిన వారమూ తొమ్మిదే.
చేపలు లెక్కపెట్టేవాడు పేజీలు మరిచిపోతాడా?
అయినా "బాగుంది" అన్నాడు. గాలి కూడా ఏదో అంది.

తొమ్మిదో పేజీలో ఒక తల్లిగొర్రె.
పిల్ల ఏమడిగినా తలతిప్పి చూస్తుంది.
మబ్బులకు కొమ్ములెందుకు లేవంటే చెబుతుంది,
రాయికి ఆకలేస్తుందా అంటే కాసేపు ఆలోచించి మరీ చెబుతుంది.
"ఉండు, ఒక్క నిమిషం" అన్నమాట దాని నోట రాదు.
ఎలా వస్తుంది,
ఉన్నదంతా ఇంట్లో నేనే వాడేస్తుంటే.

ఐదున్నరకు సునివా లేస్తుంది.
పదకొండు నెలల మనిషి, పళ్లొస్తున్నాయి.
చంకనేసుకుని ఒంటిచేత్తో రాస్తాను.
నా అక్షరాలు కుడివైపు ఒరగడానికి కారణం
శైలి కాదు, దాని బరువు.
మొన్న ఒక మంచి వాక్యం మీద చొంగ పడి
సిరా అలుక్కుపోయింది.
ఎంత తలుచుకున్నా తిరిగి రాలేదు.
చచ్చిన గొర్రెకే ఉన్నెక్కువ, అంటుంది మా ఎడిటర్ మాలన్.
నెలాఖరుకల్లా ఇచ్చెయ్యమనీ అంటుంది, అదే నవ్వుతో.
మా భాషలో చదివే పిల్లలు ఎందరని?
పెద్ద పట్నంలో ఒక పేటంత.
వాళ్లలో ఒకడు మా ఇంట్లోనే ఉన్నాడు.

ఏడున్నరకు వాడు, ట్రోన్‌దుర్, ఆరేళ్లవాడు,
గుమ్మంలో కొంగలా నిలబడి
"అమ్మా, ఎడమ బూటు లేదు."
ఆ వారంలో మూడోసారి.
కలానికి మూత పెట్టి లేచాను.
బెంచీ కింద, బంగాళాదుంపల బస్తా వెనక,
వానకోట్ల జేబుల్లో
(జేబులో బూటు పడుతుందా అని వాడు పకపకా నవ్వాడు)
చివరికి వాషింగ్ మెషిన్లో దొరికింది,
తువ్వాలు చుట్టుకుని.
బూటు తనంతట తాను తువ్వాలు చుట్టుకోదు.

అరవబోయాను.
వాడే ముందన్నాడు,
లేసుల్లేని రబ్బరు బూటుకు లేసులు వెతుకుతున్నట్టు తల వంచుకుని:
"బూటు పోతేనే కదా నువ్వు లేస్తావు."

మాట బాగుందనిపించింది, ముందు.
చెయ్యి కలం వైపు కదిలింది కూడా.
నొప్పి ఆ తర్వాత,
చలిలోంచి లోపలికొచ్చిన కాసేపటికి వేళ్లు సలిపినట్టు.
ఏది ముందో ఏది వెనకో
హొగ్నికి కూడా చెప్పలేదు.
ఆ మాట రాసుకోలేదని చెప్పాలనుంది.
రాసుకున్నాను. బస్సు వెళ్లాక, కరెంటు బిల్లు వెనక.

ఇవాళ గురువారం.
వాడు పిలవకముందే నా కంటపడింది,
పుస్తకాల అరలో అట్లాసు వెనక నుంచి
పసుపుపచ్చ మడమ.
"అమ్మా, ఎడమ బూటు..."
సునివాను చంకనేసుకున్నాను.
అటక చూశాం. ఓవెన్ చూశాం.
ఫ్రిజ్‌లో పాలడబ్బాను అడిగాం, చూడలేదంది.
పిల్లను చంకనుంచుకుని ఊరంతా వెతకడమంటే
తిట్టు అనుకునేదాన్ని.
పొరపాటున అట్లాసు వైపు ఒక అడుగేస్తే
వాడు నా చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.
"అక్కడ కాదమ్మా. ముందు స్నానాలగది."

కింద బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది.
బల్ల మీద తల్లిగొర్రె తలతిప్పి చూస్తోంది.
"ఉండు, ఒక్క నిమిషం" అన్నాను,
ఎవరితోనో చూసుకోకుండా.