ఊడ దిగే కాలం

సైన్సు పోస్టు ఖాళీ.
లెక్కల సారును, నాకే అంటగట్టినారు తోటను.
కోసిగికి అవతల ఎర్రనేల పల్లె బడిలో
పాత వంటగది వెనక రెండు సెంట్ల రాళ్ల జాగా.

మొదటి వారమంతా రాళ్లేరడమే.
ఏరిన రాళ్లనే మడులకు గట్లుగా పేర్చినారు ఆరో తరగతి వాళ్లు.
చుట్టుకొలత బోర్డు మీద చెప్పినప్పుడు
కునికిపాట్లు పడిన హనుమంతి
టేపు లేక, జానలతో కొలిచి
"నలభై రెండు సార్, ఈ మూల వంకర పోయింది" అనింది.
నిజమే. ఆ మూల నేను గీసిందే.

నీళ్లా? బోరు ఎండి మూడేండ్లు.
మధ్యాహ్నం తొంభై పళ్లేలు కడిగిన నీళ్లకు
కాలవ తీసి వంగమొక్కల దిక్కు మళ్లించినాం.
వంట చేసే నరసమ్మ ముందు సణిగింది,
నెల తిరక్కుండానే కరివేపాకు కోసం చెయ్యి చాపింది.
"ఇంకా చిన్నది, ముట్టొద్దు" అని
అడ్డం నిలబడినారు పిల్లలు.

బుడ్డల మడి ఉరుకుందుది.
నేను బోర్డు మీద బొమ్మ గీసినా:
కాండం, ఆకులు, కింద వేళ్లకు వేలాడే కాయలు.
వెనక బెంచీలోంచి లేచి
"అట్ల కాదు సార్" అని
చెయ్యి పట్టుకుని మడి కాడికి తీసుకపోయినాడు.
వాడిన పసుపు పూవు కింద
సూది లాంటి ఊడ
మన్ను వాసన పట్టి కిందికి వంగుతాంది.
"వేరుకు కాయదు సార్. పూవే మంట్లోకి దిగి కాయైతాది."
పలకా బలపం నాటినుంచీ
వేరుశనగ అనే రాస్తున్నా.
పేరే నాకు తప్పుతోవ చూపించింది.
బోర్డు తుడిచి, సుద్దముక్క వాని చేతికిచ్చినా.

దసరా కాకముందే వాన ముఖం చాటేసింది.
ఒక తెల్లారుజామున లారీ వచ్చింది.
సగం ఊరు సుగ్గికి,
గుంటూరు దిక్కు పత్తి తీసేకి, ఆమైన మిరప కోసేకి.
చాపలు, చట్లు, పసిపిల్లల ఉయ్యాల గుడ్డలు,
వాటి నడుమ ఉరుకుందు.

పొద్దున హాజరు పిలుస్తా. "ఇరవై మూడు?"
పోయిన ఏడు అయితే "సుగ్గికి పోయినాడు సార్" అనేవాళ్లు.
ఇప్పుడు ఎవరో ఒకరు
"నీళ్లు పోసినాం సార్" అంటారు.
రిజిస్టరులో దానికి గడి లేదు.

నిన్న రాత్రి వాళ్ల నాయన ఫోను నుంచి వాడే.
వెనక మిరప కోరుకు ఎవరివో దగ్గులు.
పరీక్షలెప్పుడని అడుగుతాడనుకున్నా.
"పీకినారా సార్? ఊడలన్నీ దిగినాయా?"
"మూడు దోసిళ్లు రా. నీ వంతు సుద్దముక్కల డబ్బాలో ఉండాది."
"తినొద్దు సార్. ఇత్తనానికి."

డబ్బా మీద రాయి పెట్టినా.
బడిలో ఎలకలు ఎక్కువ.