కచ్చా పుస్తకం

పూర్ణా మార్కెట్ వెనక సందులో
తాళ్ళూ పైపులూ తార్పాలిన్లూ అమ్మే కొట్లో
పన్నెండేళ్ళుగా రెండు పుస్తకాలు రాస్తున్నాను.
ఒకటి కంప్యూటర్లో,
ఆడిటరు గారి కళ్ళజోడుకి సరిపోయేలా.
ఇంకోటి గల్లాపెట్టె కింద, ఎర్ర అట్ట,
గ్రీజు వేళ్ళ మరకలు.

బిల్లు కావాలా వద్దా అని అడుగుతాను ముందు.
తాడు ఎన్ని బారలో తర్వాత.
కావాలంటే పద్దెనిమిది శాతం.
వద్దంటే ఒక నవ్వు,
చింపిన సిగరెట్ పెట్టె మీద ఒక అంకె.

నా జీతం కూడా ఆ ఎర్ర అట్టలోనే ఉంది, సగానికి పైగా.
తొమ్మిది వేలు బ్యాంకులో,
పదకొండు వేలు మడిచి చేతిలో.
మొన్న ఇంటి లోనుకి వెళ్తే
అక్కడి కుర్రాడు మర్యాదగానే చెప్పాడు,
తొమ్మిది వేలకి గోడలు లేవవండీ అని.
మిగతా పదకొండు వేల మనిషి
బయట స్కూటరు దగ్గర నిలబడి ఉన్నాడని
ఎలా చెప్పను?

కొర్లమ్మకి ఈ బాధ లేదు.
జాలరిపేట నుంచి తట్టతో వచ్చి
మా కొట్టు మెట్టు మీదే కూర్చుంటుంది.
టీ బడ్డీకి నాలుగు కవ్వళ్ళు, వారం పాటు టీ.
దర్జీ మస్తానుకి సొర ముక్క,
మనవరాలి గౌను అంచు విప్పి పొడుగు చేసినందుకు.
శుక్రవారం కొండ దిగొచ్చే పాంగి దొయిమతికి
ఎండు నెత్తళ్ళు తవ్వెడు,
తిరిగి చింతపండు ముద్ద.
ముద్ద చిన్నదైందని పోట్లాట,
మళ్ళీ ఒకే ఆకులో ఇద్దరి అన్నం.

వేట మళ్ళీ మొదలైన వారం, అమ్మకాలు జోరు మీదున్నప్పుడు
సర్వేకి వచ్చారు నలుగురు.
షావుకారు మొహం పాలిపోయింది.
నేనేం ఆలోచించానో నాకే తెలీదు,
ఎర్ర పుస్తకం
కొర్లమ్మ తట్టలో కానాగంతల కిందికి పోయింది.
ఆవిడ చుట్టకుదురు సర్దుకుని తట్ట ఎత్తుకుంది.
ఇన్‌స్పెక్టరు ముక్కు మూసుకుని
దారిచ్చాడు.

సాయంత్రానికి తిరిగొచ్చింది, ఐసు నీళ్ళకి ఉబ్బి.
ప్రతి పేజీ నీలం మడుగు,
అంకెలుండే చోట పొలుసులు.
ఎవరి బాకీ ఎవరిదో కలిసిపోయింది.

షావుకారు తల పట్టుకుని కూలబడ్డాడు.
ఆవిడ మెట్టు మీద అడ్డచుట్ట ముట్టించి
నిప్పు నోట్లోకి తిప్పుకుని
"రాయి బాబూ" అంది.
"బండెయ్య బోటుకి తాడు నాలుగు సుట్టలు, డబ్బు సగవే ఇచ్చినాడు.
కోటేసు గొట్టాలట్టికెల్లి, పెళ్ళయ్యాక ఇస్తానన్నాడు.
ఎల్లాజీ రెండేలు తెచ్చీసినాడు కదా,
నువ్వు రాసినావో నేదో..."

కలం ఆగింది.
ఆ రెండు వేలు నీలంలో కరిగినవి కావు.
ఏ పుస్తకంలోకీ రాలేదు.
రామా టాకీస్ దగ్గర మందుల షాపులో పోయాయి,
అక్కడా నేను బిల్లు అడగలేదు.

షావుకారు తల ఎత్తలేదు.
ఆవిడ నా వైపు చూసింది,
తూకానికి వచ్చిన చేప మొప్ప ఎత్తి చూసినట్టు.
పొగ ముక్కులోంచి వదిలి
"ఎల్లాజీది తీరిపోనాది, రాసీ" అంది.
రాశాను.
ముప్పై ఒక్క పేర్లు, చీకటి పడేదాకా.

లేస్తూ లేస్తూ
చూరు కారుతోందని నీలం తార్పాలిన్ ఒకటి అడిగింది.
షావుకారు తనే మడిచి ఇచ్చాడు.
బిల్లు ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇంటికెళ్ళి క్యారేజీ విప్పితే
కడిగి పెట్టిన గిన్నెలో
రెండు కానాగంతలు, కళ్ళు ఇంకా మెరుస్తూ.
"ఎంతకి తెచ్చారు?" అంది మా ఆవిడ.
ఆవిడకి నేను బాకీ పడ్డానో,
నాకే జమ అయిందో తెలీక
పొయ్యి దగ్గర అలాగే నిలబడ్డాను.
నూనె కాగిపోతోంది.