తిరిగొచ్చే కరెంటు

ఫతేనగర్ వంతెన దిగువన మా రేకుల షెడ్డులోకి
నలుగురు మోసుకొచ్చి దించారు మిషన్ని.
నిలువు బెల్టు సాండరు, మూడు హార్స్‌పవరు.
అమ్మినవాడు చెప్పింది ఒక్కటే మాట:
"వైరు తగిలియ్యి, నడుస్తది."

జిలానీ సాబ్ నవ్వలేదు.
మోటారు మీది రేకుబిళ్లను బొటనవేలితో తుడిచి
చాలాసేపు చదివాడు,
పెళ్లికార్డులో చుట్టాల పేర్లు వెతికినట్టు.
"మూడు ఫేజులమ్మా. నాలుగోది మట్టి తీగ.
అది లేకుంటే నేను సంచి విప్ప."

షెడ్డు వెనక గడ్డపార వేస్తే
రెండడుగులకే ఖంగుమంది.
ఈ ఊరి కింద రాయి కాక ఇంకేముంటుంది!
మూడు రోజులు, ఇద్దరు మనుషులు, అద్దె కంప్రెసరు,
పదకొండు వేలు.
గుమ్మంలో నిలబడి నేనే సణిగాను:
"గోడకో మేకు కొట్టి దానికి చుట్టెయ్యరాదా సాబ్?"
"చుట్టొచ్చు. ఏడికి పోవాల్నో మేకుకు తెల్వదు కదా."

గొయ్యిలో రాగి పలక, పైన బొగ్గు, ఉప్పు, మళ్లీ బొగ్గు,
ఆవకాయ జాడీ నింపినట్టు పొరలు పొరలుగా.
పైపు నోట్లో మొదటి బిందె నా చేతే పోయించాడు.

బాలనర్సు టేకు చెక్కల మీద కూచుని
ఇదంతా చూస్తున్నాడు.
కుడి చెయ్యి జేబులో.
అది ఎప్పుడూ జేబులోనే.

ఆరేళ్ల కింద, వేరే షెడ్డు, మే నెల మధ్యాహ్నం.
కరెంటు పోయింది. బెల్టు ఆగింది.
బెల్టుకూ బల్లకూ నడుమ ఇరుక్కున్న ముక్కను
గోటితో పెకిలిస్తున్నాడు.
స్విచ్చు మాత్రం వేసినట్టే ఉంది,
ఎవరికీ గుర్తులేదు.
ఎక్కడో సబ్‌స్టేషన్‌లో ఎవరో
పాపం తొందరగానే బాగుచేసి లైను ఇచ్చారు.
వీధిలో ఫ్యాన్లు తిరిగాయి, పిల్లలు హోయ్ అని అరిచారట.
మిగతాది అతను చెప్పడు.

అందుకే గోడ మీద ఈ బూడిదరంగు పెట్టె.
మూత తీసి చూపించాడు జిలానీ సాబ్:
"ఇగో కాయిలు. కరెంటున్నంతసేపే పట్టుకుంటది.
పోతే ఇడుస్తది.
మళ్లొచ్చినా దానంతట అది పట్టుకోదు.
మనిషొచ్చి పచ్చ బటన్ నొక్కాలె."

పొట్టు దూరకుండా రబ్బరు పెట్టి గ్లాండు బిగించాడు.
మెయిను దించి, తాళం వేసి,
తాళంచెవి తన లాల్చీ జేబులోనే వేసుకున్నాడు, నాకివ్వలేదు.
అయినా టెస్టరు పెట్టి చూశాడు మూడు తీగలకూ.
ఆ టెస్టరునూ నమ్మక
పక్క షెడ్డు బోర్డులో గుచ్చి, వెలిగిందని చూసి వచ్చి,
మళ్లీ మూడు తీగలకూ.
నలభై ఏళ్ల చెయ్యి. దాని మీద దానికే అనుమానం.

మొదటి నొక్కు.
బెల్టు పైకి లేచింది, పాత పొట్టంతా మా మొహాల మీద!
"ఉల్టా," అన్నాడు తాపీగా, ఎర్ర బటన్ నొక్కుతూ.
మళ్లీ మెయిను, మళ్లీ తాళం, మళ్లీ టెస్టరు.
ఎరుపు చోట నీలం, నీలం చోట ఎరుపు.
పసుపు ఉన్నచోటే ఉంది.
ఆకుపచ్చ తీగ జోలికి పోలేదు.

ఈసారి బెల్టు బల్ల మీదికి దిగుతూ
వానలాగా చప్పుడు చేసింది.
నడుస్తుండగానే మెయిను దించాడు.
ఆగింది.
ఎత్తాడు.
మిషను ఊరికే నిలబడింది.
ట్యూబులైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది,
మిషను మాత్రం కదలలేదు.

బాలనర్సు లేచి వచ్చాడు.
ఇంకో నిమిషం చూశాడు.
జేబులోంచి చెయ్యి తీసి,
మిగిలిన వేళ్లలో పొడుగైనదానితో
పచ్చ బటన్ నొక్కాడు.

బిల్లు ఒక బీడీకట్ట కాగితం వెనక రాసిచ్చాడు.
కేబులు, పెట్టె, పలక, బొగ్గు, కూలి.
అన్నిటికంటే కింద:
నీళ్లు, వారానికో బిందె – ఓనరు.

మార్చి వచ్చింది. ట్యాంకరు రెండు రోజులకోసారి.
మొదటి బిందె తీసుకుని షెడ్డు వెనక్కి పోతుంటే
ట్యాంకరు పిల్లాడు అడిగాడు,
ఏం చెట్టు పెట్టినవక్కా అని.