ఆరు ఫ్యాన్లూ లోపలికే

మే నెల, మధ్యాహ్నం మూడు.
చిత్తూరు సంతపేటలో మేడ మీద రేకుల షెడ్డు.
పెండ్లి ఆల్బమ్ పదిహేడో పేజీలో
తలంబ్రాలు ఇంకా గాల్లో ఉండగానే
స్క్రీను నల్లబడిపోతా ఉంది, మూడు రోజులుగా.
"ఇదీ వరసక్కా" అన్నాడు జయచంద్ర.
మూత విప్పిన పెట్టె పక్కన టేబుల్ ఫ్యాను
ఏమీ పట్టనట్టు తల ఊపుతా ఉంది.

ముందు దాన్ని ఆపినా.
గోడే లేని ఇంట్లో
గాలికి దారి ఉండదప్పా,
తిరుగుడే ఉంటాది.

లోపల ఆరు ఫ్యాన్లు,
గంగజాతర లైట్లన్నీ పెట్టెలోనే.
ముందర మూడు, పైన రెండు, వెనక ఒకటి.
బ్యాగులోంచి ఊదుబత్తి తీస్తే
"దీనికి పూజ చేస్తావా?" అని నవ్వినాడు.
ముందర పట్టినా, పొగ లోపలికి పోయింది.
పైన పట్టినా, లోపలికే.
వెనక పట్టినా.
వెనక కూడా లోపలికే!
అప్పుడు ఆపినాడు నవ్వడం.

పీల్చే నోళ్ళు ఆరు.
వదిలే ముక్కు ఒక్కటీ లేదు.

"ఫ్యాన్ను చూడు.
నున్నగా కనపడే ముఖం గాలిని తాగేది.
వీపున నాలుగు కమ్మీలు, నడిమధ్య స్టిక్కరు,
అటు వదిలేది.
అందమైన ముఖాలన్నీ బయటికి తిప్పినావు నువ్వు,
ఫోటోలు తీసేవాడివి కదా."
ఏమీ అనలేదు. స్క్రూడ్రైవరు అందించినాడు.

నాకిది కాలేజీలో చెప్పలేదు.
మురకంబట్టులో మా బొరుగుల బట్టీ చెప్పింది.
ఊక మంట, కాలే ఇసుక,
గోడకు కింద మూరెడు కంత,
పైన పెంకుల నడుమ జానెడు.
ఒక వానకు మా చిన్నాయన
ఆ జానెడులో గోనెసంచి కుక్కినాడు.
ఆ పొద్దు ఇంటిల్లిపాదీ ఏడ్చినాం,
ఎవరూ చచ్చిపోకుండానే.
వేడి పైకి పోతాది, దాని దారికి అడ్డం నిలబడొద్దు.
నాకొచ్చిన శాస్త్రం అంతే.

ముందరి మూడూ అట్లే ఉంచినా.
వెనకది తిప్పినా, పైన వెనక మూలదీ తిప్పినా.
పైన ముందర ఉన్నదాన్ని మాత్రం
తిప్పినా దండగే:
అప్పుడే వచ్చిన చల్లగాలిని
ప్రాసెసరు దాకా పోనీకుండా
గడపలోనే లాగేస్తాది. విప్పేసినా.
"లెక్క పెట్టి కొన్నదక్కా!"
"ఉండనీ. పెండ్లికొచ్చినోళ్ళందరూ వడ్డిస్తారా?
కొందరు ఊరికే కూర్చుంటారు."

మూడు లోపలికి, రెండు బయటికి.
లోపల గాలి రవ్వంత ఎక్కువుంటే
సందుల్లోంచి దుమ్ము దూరదు.
పక్క వీధిలో రాళ్ళు కోసే మిషను,
బియ్యప్పిండి మాదిరి దాని పొడి
కీబోర్డు మీద, నీళ్ళ చెంబు మీద, వాడి కనుబొమల మీద.
ముందర దోమతెర ముక్క బిగించినా,
పదైదు రోజులకోసారి ఉతకమన్నా.
అడ్డదిడ్డంగా వేలాడే వైర్లను
జడ అల్లి వెనక తట్టుకు తోసినా.
స్పీడు తగ్గించినా.
మెల్లగా తిరిగినా చాలు,
ఒకరు తెచ్చింది ఇంకొకరు అందుకుంటే.

బటన్ నొక్కినాం.
"ఆన్ అయిందా?" అనడిగినాడు.
వాడి చెయ్యి పట్టి పెట్టె వెనక పెట్టినా:
వెచ్చగా, సన్నగా,
నిద్రపోయే పిల్లోడి ఊపిరి.

పదిహేడో పేజీ దాటింది. తలంబ్రాలు కింద పడినాయి.
పద్దెనిమిది, భోజనాలు.
పంతొమ్మిది, అప్పగింతలు.
ఇరవై ఒకటిలో
కరెంటు పోయింది.

"ఇది నా తప్పు కాదు" అన్నా.
"సేవ్ చేసినాలే" అన్నాడు.
ముందరివి ఒకటొకటిగా నిలిచినాయి, తర్వాత పైది.
వెనకది మాత్రం ఇంకో రెండు చుట్లు తిరిగి
ఆగింది.
రేకు టకటకమంటా ఉంది ఎండకు.
ఊదుబత్తి అంగుళం మిగిలింది,
లాగేవాళ్ళు లేక పొగ కాసేపు తడబడి
నిట్టనిలువుగా లేచి
పైన రేకుకు తలకొట్టుకుని
మా మీదికే దిగొచ్చింది.

"జయచంద్రా,
అక్కడ ఒక కంత కొట్టించు" అన్నా.