చిటికెన వేలికి తెలియదు

రాత్రి రెండింటికి
నాకంటే ముందు నా చెయ్యి లేస్తుంది.

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు,
ఉంగరపు వేలిలో ఇటువైపు సగం
నిప్పుల మీద పెట్టి తీసినట్టు.
చిటికెన వేలు మాత్రం
పక్కింటివాళ్ళ పిల్లలా హాయిగా నిద్రపోతుంది.
దానికేమీ తెలియదు.

లేచి కూర్చుని చెయ్యి విదిలిస్తాను,
వేలికి పట్టుకున్న పీతను వదిలించుకుంటున్నట్టు.
"ఎవరికి వీడ్కోలు చెబుతున్నావు?"
అని అడిగేవాడు ఎలాడియో, మొదట్లో.
ఇప్పుడు అడగడు.
గోడవైపు జరిగి
నా చెయ్యి మంచం అంచున వేలాడటానికి చోటిస్తాడు.
కిటికీ అవతల సాంతోన్యా రేవులో
పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి.

ఎవరి ఉప్పు తిన్నామో వాళ్ళను మరవకూడదంటారు.
ఉప్పే నన్ను తింటుంటే
ఎవరిని గుర్తుంచుకోవాలి?

ఏప్రిల్‌లో పడిన చేప
ఏడాదిపాటు పీపాలో ఉప్పు కప్పుకుని పడుకుని
మా బల్ల మీదికొస్తుంది.
చర్మం రుద్ది, అంచులు కత్తిరించి,
రెండుగా విడదీసి, వెన్నుముల్లు లాగి,
వెంట్రుకంత ముల్లు మిగిలిందేమోనని
వేలికొసతో తడిమి
డబ్బాలో పరుస్తాను.
గట్టిగా నొక్కితే చితుకుతుంది,
నొక్కకపోతే చర్మం రాదు.
ఆ రెంటి మధ్య ఉన్న కాస్త చోటులోనే
ఇరవై తొమ్మిదేళ్ళ నా జీతం.

డాక్టర్ ఇట్సియార్ మా అమ్మాయి ఈడుది.
మందుచీటీ వెనక బొమ్మ గీసింది:
మణికట్టులో ఒక సొరంగం,
అందులోంచి తొమ్మిది తాళ్ళు, ఒక్క నరం.
తాళ్ళు వాచాయి, సొరంగం పెరగదు.
పండగపూట బస్సులో
తలుపుకీ జనానికీ మధ్య నలిగిన ముసలమ్మలా ఉంది ఆ నరం, బొమ్మలో.
"రాత్రి చెయ్యి మడిచి పడుకుంటున్నావు కదూ?"
ఔను. చెంప కింద, పిడికిలి మడిచి,
ఊహ తెలిసినప్పటి నుంచీ.
యాభై నాలుగేళ్ళకి
నిద్రపోవడం మళ్ళీ నేర్చుకోవాలట.

బీమా ఆఫీసులో అడిగారు
ఇంట్లో అల్లికలు చేస్తావా అని.
పిండి పిసుకుతావా అని.
మనవల్ని ఎత్తుకుంటావా అని.
చేపల సంగతి అడగలేదు.

పట్టీ బూడిదరంగుది.
అరచేతి కింద అల్యూమినియం బద్ద,
మూడు వెల్క్రో నాలుకలు.
మొదటి రాత్రి పరాయి మనిషి చెయ్యి
నా పక్కలో పడుకున్నట్టుంది.
రెండో రాత్రి నిద్రలోనే ఊడదీసి పారేశాను,
పొద్దున మంచం కింద దొరికింది.
మూడో రాత్రి ఎలాడియో కట్టాడు,
వల ముడి వేసినట్టు బిగించి.
వదులు చెయ్యి మనిషీ, తాడు కాదు అన్నాను.
ఇద్దరం నవ్వాం, ఎందుకో చాలాసేపు.
ఆ వారంలో ఒక రాత్రి
కళ్ళు తెరిచేసరికి
పాలవాడి వ్యాను వెళ్ళిపోయింది.
ఏడుపొచ్చింది. తెల్లారిపోయినందుకు.

బల్ల దగ్గర చెప్పాను.
నెకానె మాట్లాడకుండా తొడుగు తీసి
మణికట్టు మీద పట్టీ అచ్చు చూపించింది.
ఫెలిసితాస్ ఇంకోటి చూపించింది.
చరోకి రెండు చేతులకీ.
అప్పటి నుంచి పదింటికి దీపం ఆర్పుతూ
చెవి ఒగ్గుతాను.
ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో
ఈ పాటికి చర్రుమంటూ వెల్క్రో అతుక్కుంటోందో.

కోతకి తేదీ ఇస్తామన్నారు, శరదృతువులో.
ఆ తలుపు అప్పుడు తడదాం.
రాత్రుళ్ళు తగ్గాయి, పగళ్ళు తగ్గలేదు.
వెంట్రుకంత ముల్లు
నా చూపుడువేలికి ఇప్పుడు దొరకడం లేదు,
నడిమివేలికీ దొరకడం లేదు.

మొన్న సూపర్‌వైజర్ అటు తిరిగినప్పుడు
చిటికెన వేలితో వెతికాను.
దొరికింది.
పాపం, ఇన్నాళ్ళూ దాని జోలికి ఎవరూ పోలేదు.
పని నేర్పిస్తున్నాను.